పరీక్ష ఆదివారం, మేధావులు ఈ రోజే

ఈ రోజు మా రొయ్యల మేత దుకాణానికి కొత్త బోర్డు వేయించుకుందామని కోట ఊళ్లో ఫ్లెక్సీలు వేసే షాపుకు వెళ్లాను. మిషన్లోంచి ఓ పెద్ద ఫ్లెక్సీ మెల్లగా దిగుతోంది. "రీజనింగ్ టెస్టులో మెరిసిన మా బాల మేధావులు" అని ఎర్రటి అక్షరాలు, కింద మా పాప మూడో తరగతి చదివే ప్రైవేటు బడి పేరు. ఆ టెస్టు జరిగేది వచ్చే ఆదివారం.

"పరీక్షే కాలేదు కదన్నా, అప్పుడే ఎట్లా మెరిసినారు?" అని షాపాయన్ని అడిగాను.

"టెస్టు ఫీజు కట్టినోళ్ల ఫోటోలన్నీ కరెస్పాండెంటు సారు పంపించినాడక్కా. ఆదివారం సాయంత్రానికి ఊరి సెంటర్లో కట్టేయాలంట."

తెలివిని తూచే తక్కెడ తమ దగ్గరే ఉన్నట్టు ఇన్నాళ్లూ ఊదరగొట్టిన పెద్దమనుషులు వీళ్లే. ఏ బొమ్మ తర్వాత ఏ బొమ్మ వస్తుందో చెప్పమని, ఆటల పీరియడ్ మాన్పించి మరీ పసిపిల్లలకు రుద్దారు. పరీక్ష తర్వాత ఫలితం వస్తుందన్న వరుస మాత్రం వాళ్లకే తెలియదు.

అంతలో ఫ్లెక్సీ పూర్తిగా దిగింది. రెండో వరుసలో మా పాప నవ్వుతోంది.

ఒళ్లు మండిపోయింది. బయటికొచ్చి మా ఆయనకు ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. ఈ సిగ్గులేని బడి మాన్పిద్దామన్నాను. అంతా విని ఆయన, "ఫోటో పెద్దదిగా వేసినారా, చిన్నదిగానా?" అన్నాడు.

ఆదివారం ఆ టెస్టుకు పాపను పంపనా, వాళ్ల నాన్నను పంపనా? మీరే చెప్పండి.