కొబ్బరి ఈనెతో మెదడు చూపించిన మేష్టారు

మా సైన్సు మేష్టారు పోయారు. పోయిన మంగళవారం అమలాపురం బస్సెక్కితే కండక్టరు టిక్కెట్టు చింపకుండా నాకేసి చూసి, "టీచరుగారూ, మన మేష్టారు తెల్లారేసరికి పోయేరంటండి. పడుకున్నవారు పడుకున్నట్టేనంట" అన్నాడు. అతనూ ఆయన దగ్గర చదివినవాడే. నేను బడిలో సెలవు చీటీ ఇచ్చి, నాన్నను తీసుకురావడానికి ఇంటికి వెళ్లాను. నాన్న కూడా ఎందుకు రావాలో చెప్పాలంటే పాత సంగతి చెప్పాలి.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది వేసవిలో, ముమ్మిడివరం దగ్గర మా హైస్కూల్లో ఆయన మెదడు గురించి పదిహేను రోజులు శిబిరం పెట్టారు. ఎవరూ పెట్టమనలేదు, పరీక్షకు పనికొచ్చేదీ కాదు. తొమ్మిదో తరగతి వాళ్లం పదకొండుమందిమి చేరాం. "మీ పుస్తకంలో మెదడుకు నాలుగు పేజీలున్నాయి. ఆ నాలుగు పేజీలూ మీ ఒంట్లో ఉన్నాయో లేవో చూద్దాం" అన్నారు మొదటిరోజు.

సామానంటూ ఏమీ లేదు. కొబ్బరి ఈనెలు, ఒక స్కేలు, ఆయన చేతి గడియారం. కళ్లు మూసుకోమని రెండు ఈనెల కొనలు వేలిమీద ఆనిస్తే రెండని చెప్పేవాళ్లం. అంతే ఎడంలో వీపుమీద ఆనిస్తే ఒకటేనని పోట్లాడేవాళ్లం. అందరం చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడి, ఒకరు నొక్కగానే పక్కవాళ్ల చెయ్యి నొక్కాలి. ఆ నొక్కు చుట్టూ తిరిగి రావడానికి ఎన్ని సెకన్లో ఆయన గడియారంలో చూసేవారు. ఆడపిల్లలూ మగపిల్లలూ చేతులు పట్టుకోవడమేమిటని ఊళ్లో అన్నారు. మర్నాడు మా చేతుల మధ్య జేబురుమాలు పెట్టించి, "దీనివల్ల ఆలస్యమవుతుందేమో, అదీ చూద్దాం" అన్నారు. "ముందు చెయ్యి పెట్టండి, పేరు తరవాత చెబుతాను" అనేది ఆయన మాట.

రెండో వారంలో మేక మెదడు. ఆయన వేదం చదువుకున్న ఇంటి మనిషి, గుడ్డు కూడా తిని ఎరగరు. మెదడు ముట్టుకున్న రోజు నూతి దగ్గర నాలుగు చేదలు పోసుకుంటేగాని వాళ్లమ్మగారు గడప తొక్కనిచ్చేవారు కాదు. అంతా చేసి, పైపొర తియ్యబోతే మెదడు చితికిపోయేది. రెండు మెదళ్లు అలాగే పాడయ్యాయి. మూడోది మాంసం కొట్టునుంచి తెచ్చే వంతు నాది. పొద్దున్నే తెచ్చి, అరటాకులో చుట్టి వంటింట్లో పెట్టి, స్నానం చేసి వచ్చేసరికి అమ్మ దాన్ని ఉప్పూ పసుపూ వేసి కడిగి, మిరియాలతో వేపేసింది.

ఏడుస్తూ వెళ్లి చెప్పాను. అందరూ నవ్వారు. మేష్టారు నవ్వలేదు.

"వేపేముందు మీ అమ్మ పైపొర తీసిందా?"

"తీసిందండి."

"చితక్కుండానే?"

"ఆయ్. ఎప్పుడూ చితకదండి."

"అయితే రేపు మీ అమ్మగార్ని తీసుకురా. నాకు రానిది ఆవిడకొచ్చు."

అమ్మ మర్నాడు గుమ్మంలోనే నిలబడిపోయింది. "నేను బళ్లోకి రావడమేంటండి, నవ్విపోతారు" అంది. మేష్టారు ఇంకో మెదడు తెప్పించి, బేసిన్‌లో పెట్టి అమ్మ ముందు ఉంచారు. అమ్మ అందులో నీళ్లు పోయించి, మెదడు ముంచి, ఈనె మొనతో పొర లేపి నెమ్మదిగా లాగింది. "పైన లాగితే దాని బరువుకదే చిరిగిపోద్దండి. నీళ్లలో అయితే తేలిగ్గా ఉంటది" అంది. ఆయన గొంతుక్కూర్చుని చూసి, ఆ మాట నోటుపుస్తకంలో రాసుకున్నారు.

అమ్మ పొర తీస్తుండగానే ఆయన ఇంకో ఈనెతో చూపిస్తూ, "ఈ కుడివైపు మన ఎడమచేతిని కదుపుతుంది. ఇక్కడ ఏదైనా రేగితే మనిషి పడి కొట్టుకుంటాడు. అదే మూర్ఛ. మూర్ఛొస్తే మీ ఇళ్లల్లో ఏం చేస్తారు?" అని అడిగారు.

"తాళాలగుత్తి చేతిలో పెడతారండి!" అని నలుగురు అరిచారు.

నేను ఊరుకోలేకపోయాను. "ఏ చేతిలో పడితే ఆ చేతిలో కాదండి. ఎడమచేతిలో పెట్టి వేళ్లు మూసి పట్టుకోవాలండి. మొన్న మా..." అని ఆగాను.

నీళ్లలో అమ్మ చేతులు ఆగిపోయాయి.

మా నాన్న కొబ్బరి దింపు తీసేవాడు. చెట్టెక్కి గెలలు కోసి దించడమే మా కూడు. ఆ ఏడాది మూడుసార్లు మూర్ఛ వచ్చింది. మూడూ ఇంట్లోనే వచ్చాయి కాబట్టి ఎవరికీ తెలియలేదు. తెలిస్తే ఎవరూ చెట్టెక్కనివ్వరని అమ్మ మా చేత ఒట్టు వేయించుకుంది.

మేష్టారు నాకేసి చూడలేదు, అమ్మకేసీ చూడలేదు. "తాళాలు పెట్టినా పెట్టకపోయినా కాసేపటికి చాలావరకు అదే ఆగుతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టండి" అని పాఠంలోకి వెళ్లిపోయారు. ఇంటికెళ్లేదాకా అమ్మ నాకు నాలుగడుగులు ముందే నడిచింది.

రెండు రోజులకు ఆయన పెరట్లోనే దింపు. కాయలు పోగెయ్యడానికి నేనూ వెళ్లాను. నాన్న చెట్టుకు తాడు చుట్టబోతుంటే మేష్టారు వచ్చి ఆ చెట్టుకే ఆనుకుని నిలబడ్డారు.

"ఇవాళ ఎక్కొద్దు."

"ఏవండీ, తిథి బాగోలేదాండి?"

"తిథి బాగానే ఉంది. నీ బుర్రే బాగోలేదు."

నాన్న నవ్వబోయి నన్ను చూశాడు. "పిల్ల చెప్పేసిందాండి?"

"పిల్లనేమీ అనకు. మెదడు పాఠం చెప్పేవాణ్ణి, ఆమాత్రం కనిపెట్టలేనా?"

"చెట్టెక్కొద్దంటే మేం తినేదేంటండి?"

"పైనుంచి పడితే తినేదేంటి?"

మేష్టారు చెయ్యి చాపారు. "ఆ తాడు నా దగ్గరుండనీ. డాక్టరు ఎక్కొచ్చంటే నేనే ఇస్తాను. ఊళ్లో అడిగితే నడుం పట్టేసిందని చెప్పు."

శిబిరం అయిన మర్నాడే నాన్నను కాకినాడ తీసుకెళ్లి డాక్టరుకు చూపించారు. తనకు తెలిసినవారి దగ్గర కొబ్బరి పీచుతో తాళ్లు పేనే పని ఇప్పించారు. అది ఆడవాళ్ల పనని నాన్నకు చిన్నతనంగా ఉండేది. చాలాకాలం మేష్టారు ఎదురొస్తే పక్క గట్టు ఎక్కి పోయేవాడు. మాత్రలు మాత్రం మానలేదు. వానాకాలంలో ఒకరోజు తాడు పేనుతూ పేనుతూనే పడిపోయాడు. నేలమీద కూర్చుని ఉన్నాడు కాబట్టి మోచెయ్యి గీరుకుంది, అంతే. మర్నాడు పొద్దున్నే వెళ్లి మేష్టారి వసారాలో కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ ఎప్పుడూ చెప్పలేదు. ఆ తరవాత గట్టు ఎక్కడం మానేశాడు.

మంగళవారం మేం వెళ్లేసరికి అంతా అయిపోయింది. ఇల్లు కడిగారు. వసారాలో మేకుకు నాన్న చెట్టెక్కే తాడు అలాగే ఉంది. మేష్టారి భార్య, అమ్మగారు గోడకు ఆనుకుని కూర్చున్నారు.

"బూజు పట్టేస్తుందని నెలకోసారి ఎండలో వేసేవారు. ఇంక నువ్వు తీసుకెళ్లు" అన్నారు.

నాన్న లేచి తాడు మీద చెయ్యి వేసి, కాసేపు ఉంచాడు.

"ఉండనీండమ్మగారూ. డాక్టరుగారు ఇంకా ఎక్కొచ్చనలేదండి."

నాన్న చెయ్యి తీశాక తాడు మేకుకు కొంచెంసేపు ఊగి ఆగింది.