పది నిమిషాల ముందు

ఆదోని బస్టాండులో ఎమ్మిగనూరు బస్సు కోసం లేస్తూ కూర్చుంటూ ఉన్నాను. పక్కన ల్యాప్‌టాప్‌తో కూర్చున్న అమ్మాయికీ కుదురు లేదు. ఏం రాస్తున్నావని అడిగాను.

"ఈ కంప్యూటర్ భాషలో క్లాసని ఉంటాది తాతా, అందరూ వాడుకునే కోడు ముక్క. దాన్ని మన ఫైలు వరకే మార్చుకోవచ్చు. దానికి శానా రాయల్ల. అంత రాయలేక జనాలు అసలు క్లాసునే మారుస్తాండారు. దాంతో ఇంకొకరి ప్రోగ్రాం చెడిపోతాంది. మన వరకే మార్చుకునే పని ఒక్క లైన్లో అయ్యేటట్టు పెట్టండని ఆ భాష చూసుకునేవాళ్ళకు రాస్తాండా. ఈ పొద్దే పంపల్ల. ఒప్పుకుంటారో లేదో."

"పదిన్నరయింది, ఇంకా బస్సు రాల్యా" అన్నాను.

ఆమె తెర వైపు చూసింది. "పదీ ఇరవయ్యే కదా తాతా."

"బస్సు తప్పిపోకూడదని వాచీ ముందు పెట్టుకున్నాలేమ్మా. ఇంట్లో గోడ గడియారమూ అంతే."

"తొందర మీదైతే ఇంట్లోవాళ్ళంతా ఉరకల్లనా?"

బస్సు వచ్చింది. దారి పొడవునా ఆ మాట నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు.

ఆ సాయంత్రమే గోడ గడియారాన్ని పది నిమిషాలు వెనక్కి తిప్పాను. చేతి వాచీని ముట్టుకోలేదు.

ఆ అమ్మాయి అడిగినదానికి ఆ భాషవాళ్ళు ఒప్పుకున్నారో లేదో నాకు తెలియదు. మరునాటి నా డైరీలో మాత్రం ఒక వాక్యం ఉంది: ఈరోజు నా భార్య కూర్చుని కాఫీ తాగింది.