డెస్క్‌టాప్ గృహప్రవేశాలు

దిబ్బూరహళ్ళిలో మా వియ్యంకుడు ఇంటి కంప్యూటరులో లినక్స్ డెస్క్‌టాప్ మార్చినప్పుడల్లా తెరకు కుంకుమ పెట్టి, పాలు పొంగించి గృహప్రవేశం జరిపేవారు. గ్నోమ్ కానీ కేడీఈ కానీ, ఏ డెస్క్‌టాప్ సౌధంలోనూ ఆ మహానుభావులు పక్షం రోజులు కాపురమున్నది లేదు.

ఒక ఉదయం వియ్యపురాలు పట్టుగూళ్లు సంచులకెత్తి, శిడ్లఘట్టలో ధర మేలా, చింతామణిలోనా అని కంప్యూటరులో చూడబోయింది. లోపలి పురుగులు సీతాకోకచిలుకలై గూళ్లు తొలిచేలోగా అమ్మాలి. తెర మీద నిన్నటి గుర్తు ఒక్కటీ లేదు.

"ధర యాడుండాది సామీ?"

"కొత్తిల్లు గదమే, నేనూ వెతుకుతాండా. ముందు పాలు తాగు."

"తలుపు యాడుండాదో తెలిసినాక పొంగించకూడదా పాలు?"

ఆ సాధ్వి పాలు తాగి, ఆటో పిలిచి, ధర తెలియకుండానే చింతామణికి బయలుదేరింది. గూళ్లు అమ్ముకొని సాయంకాలం తిరిగి వచ్చేసరికి పొయ్యి మీద మళ్ళీ పాలు పొంగుతున్నాయి.