మూఢంలో దొరికిన కెమెరా

విజయవాడలో చేతిలో డబ్బు లేనివాళ్ళు సినిమా తీయాలంటే కథకంటే ముందు పంచాంగం చూసుకోవాలి. నేను వెటకారానికి అనడం లేదు. ఈ ఊళ్ళో అద్దెకు తిరిగే కెమెరాలన్నీ పెళ్ళిళ్ళ మీద బతుకుతాయి. ముహూర్తాలున్నన్నాళ్ళూ కల్యాణమండపాల్లో తలంబ్రాలు మీద పోయించుకుంటూ తిరుగుతుంటాయి. అప్పుడు మనం వెళ్ళి డాక్యుమెంటరీ అంటే షాపాయన మర్యాదగా టీ ఇప్పించి పంపేస్తాడు. అదే శుక్రుడో గురువో కనబడకుండా పోయి, మూఢం వచ్చి, పెళ్ళిళ్ళు ఆగిపోయాయా, ఆ కెమెరాలే బీరువాల్లో పడుకుంటాయి. అప్పుడు మనలాంటివాళ్ళను కూడా "రండి మేడం" అంటారు.

ఈ సంగతి నాకింత బాగా తెలియడానికి కారణం నేనూ ఆ పెళ్ళిళ్ళ మీద బతికేదాన్నే. సత్యనారాయణపురంలో ఓ మేడ మీది గదిలో కూర్చుని పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాను. ఎవరి పెళ్ళికో ఎవరో పాడిన పాట అతికించి, పెళ్ళికూతురి గోరింటాకు మీద నుంచి పెళ్ళికొడుకు చేతి వాచీ మీదకు తీసుకెళ్ళడం నా పని. ఏళ్ళ తరబడి అదే చేసి చేసి విసుగెత్తిపోయింది. నాదంటూ ఒక సినిమా, చిన్నదైనా సరే, పాటలు అతికించనిది ఒకటి ఉండాలని నా కోరిక.

అది దేని గురించో కూడా నాకు తెలుసు. ఉయ్యూరు దాటి బందరు వైపు వెళ్తే కాలువ పక్క ఊళ్ళో మా మేనత్త ఉంది. మా నాన్న మగ్గం దిగి వన్‌టౌన్‌లో బట్టల కొట్టు పెట్టుకున్నాడు. ఆవిడ దిగలేదు. మావయ్య పోయాక కూడా ఆయన గుంటమగ్గంలోనే, నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేసింది. ఆ ఏడు ఎండాకాలం మొదట్లో ఫోన్ చేసింది.

"ఇదే ఆఖరి పడుగే అమ్మాయ్. మోకాళ్ళు గుంటలోకి దిగనివ్వట్లేదు. దీంట్లో ఆఖరి చీర మాత్రం నాకే నేసుకుంటున్నా. తర్వాత మీ బావ గుంట పూడ్పించి గచ్చు చేయిస్తానంటున్నాడు."

పడుగంటే మగ్గం మీద పొడవునా పరిచే నూలు. ఒక పడుగులో కొన్ని చీరలు వస్తాయి. అన్నీ నూలిచ్చి నేయించుకునే శావుకారుకు వెళ్ళేవే. ఆవిడ తనకోసం ఒక్కటి నేసుకోవడం నేనెప్పుడూ వినలేదు. ఆ చీరను మగ్గం మీంచి కోసి తీసే క్షణం నాకు కావాలి అనుకున్నాను. సినిమా ఆ షాట్‌తోనే ముగియాలి, మిగతాదంతా దానికోసమే. ఫోన్ పెట్టకముందే ఆ షాట్ నా కళ్ళకు కట్టింది.

ఇక అక్కణ్ణుంచి సలహాలు మొదలయ్యాయి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఒకాయన నా సినిమా ఏ ఫెస్టివల్‌కు పంపాలో చెప్పాడు. ఇంకొకాయన పెద్ద సెన్సరున్న కెమెరా లేకపోతే అది సినిమాయే కాదన్నాడు. మరొకాయన అంతా లైటింగ్‌లోనే ఉందన్నాడు. "ఫోన్‌తో తీసెయ్యమ్మా, ప్రతిభ ముఖ్యం" అన్న పెద్దమనిషి ఆ వారంలోనే తనకు కొత్త కెమెరా కొనుక్కున్నాడు. యూట్యూబ్‌లో చూస్తే మరీ మంట. "బడ్జెట్ కెమెరా" అని మొదలుపెట్టి, చల్లగా ఏసీ గదిలో కూర్చుని, నా ఆరునెలల సంపాదన ఖరీదు చేసే పెట్టెను చేతిలో తిప్పుతూ "ఇంతకన్నా చవగ్గా రాదు ఫ్రెండ్స్" అంటారు. లెన్సు వేరే, కార్డు వేరే, బ్యాటరీలు వేరే, స్టాండు వేరే. కారు కొంటే చక్రాలు వేరే అన్నట్టుంది.

చివరికి నా బుర్రకు తోచిన లెక్క ఒకటే. ఊళ్ళో దొరికేది అద్దెకు తెచ్చుకోవాలి, దొరకనిది కొనుక్కోవాలి. కెమెరా కోసం గవర్నర్‌పేటలో నాకు తెలిసిన షాపుకు వెళ్ళాను. మూఢం వచ్చి నాలుగు రోజులే అయింది. షాపాయన లెన్సులు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"మూఢంలో మీరెంతిస్తే అంతే మేడం. స్టాండు కూడా పట్టుకెళ్ళండి. మూఢం వెళ్ళే ముందు రోజు సాయంత్రానికి మాత్రం నా కెమెరా నా చేతిలో ఉండాలి" అన్నాడు.

"మంచి మైక్ ఉందాండీ?"

ఆయన నవ్వాడు. "మైకెందుకు మేడం? పెళ్ళి వీడియోలో మాటలెవరు వింటారు? పాటేసేస్తారుగా."

వేసేది నేనే కాబట్టి నోరు మూసుకున్నాను. అంత పెద్ద ఊళ్ళో పదిమంది కెమెరాలు అద్దెకిచ్చేవాళ్ళున్నారు, ఒక్కరి దగ్గరా మనిషి మాట సరిగ్గా పట్టే మైక్ లేదు. మైక్, చిన్న రికార్డరు కొనుక్కున్నాను. దాంతో చేతిలో ఉన్నది ఊడ్చుకుపోయింది. ఇక కెమెరా కొనాలన్న ఆలోచన దానంతటదే పోయింది.

బందరు బస్సులో కెమెరా సంచీ ఒళ్ళో పెట్టుకుని, స్టాండు కాళ్ళ మధ్య ఇరికించుకుని వెళ్ళడం మొదలుపెట్టాను. మొదటి రోజు అత్తయ్య గుమ్మంలోనే ఆపింది.

"మూఢంలో మొదలెడతావటే?"

"నువ్వు నేస్తున్నావుగా?"

"నా పడుగు మూఢానికి ముందే ఎక్కించా. నాకు దోషం లేదు."

"నాది ప్రాక్టీసులే అత్తయ్యా" అన్నాను. నవ్వి లోపలికి రానిచ్చింది. ఆ నవ్వు చూసి ఆవిడకు పట్టింపు పెద్దగా లేదనుకున్నాను.

రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో ఆ మగ్గంగది ఎలా ఉంటుందో చెప్పలేను. ఫ్యాను తిరిగితే నా కొత్త మైక్‌లో తుఫాను వినబడుతుంది. ఫ్యాను ఆపితే అత్తయ్యకు చెమటలు. ఎల్‌ఈడీ ట్యూబ్‌లైటు వెలిగిస్తే తెర మీద చారలు. ఆర్పితే గుంటలో మనిషే కనబడదు. బావ పైకెక్కి రెండు పెంకులు తీసేశాడు. వెలుతురొచ్చింది, దాంతోపాటు ఎండ కూడా వచ్చి సరిగ్గా ఆవిడ నెత్తిన పడింది. ఇదంతా పడి, ఆవిడ అడ్డపోగు నడిపే నాడె విసరడం మొదలుపెట్టి, మావయ్య దగ్గర తను నేత నేర్చుకున్న సంగతి తనంతట తాను చెప్పడం మొదలుపెట్టేసరికి కెమెరా తెర మీద చిన్న ఎర్ర గుర్తు వెలిగింది. వేడెక్కిందట. టపీమని ఆగిపోయింది.

యూట్యూబ్‌లో ఒక్క మహానుభావుడూ ఈ సంగతి చెప్పలేదు. వాళ్ళెవరికీ కృష్ణా జిల్లా ఎండ తెలియదు. తడి తువ్వాలు చుట్టాను, విసనకర్రతో విసిరాను. అత్తయ్య గుంటలోంచి తలెత్తి చూసింది.

"నేనింకా ఆగలేదు, నీ మిషనే ఆగింది. దానికి కాస్త మజ్జిగ పట్టు."

నాకు నవ్వు రాలేదు. అప్పుడు ఆగిపోయిన మాటలు మళ్ళీ రాలేదు. మర్నాడు అడిగితే, పట్టుచీర కట్టుకుని పౌడరు రాసుకొచ్చి, టీవీలో మాట్లాడేవాళ్ళలా "నమస్కారమండీ, మాది నేతకుటుంబమండీ" అని మొదలుపెట్టింది. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. అయినా వెళ్తూనే ఉన్నాను. పొద్దున్నే ఎండెక్కకముందు కొంచెం, సాయంత్రం కొంచెం తీసుకున్నాను. మైక్ మాత్రం నా నమ్మకం నిలబెట్టింది. మగ్గం చప్పుడు, గుంటలోకి దిగేటప్పుడు ఆవిడ పెట్టే మూలుగు, నూలు తెగినప్పుడు తనలో తాను తిట్టుకునే తిట్లు, అన్నీ పట్టింది.

మూఢం ఇంకో వారంలో వెళ్తుందనగా ఆవిడ తన చీర పూర్తి చేసింది. చివరి పోగు వేసేటప్పుడు వెలుతురు బాగుంది, ఎర్ర గుర్తు రాలేదు, ఫ్యాను ఆపి ఉంది. కెమెరా సరిగ్గా కోత పడే చోటికి గురిపెట్టాను. ఆవిడ కత్తెర తియ్యలేదు. చీర మీద పాత దుప్పటి కప్పి, గోడ పట్టుకుని పైకి లేచింది.

"కొయ్యవా అత్తయ్యా?"

"మూఢంలోనా?"

"ఇన్నాళ్ళూ మూఢమని చూసి కోశావా నువ్వు? పోయినవారం కూడా కోశావుగా!"

"అవి శావుకారువే. ఇది నాది" అంది.

బావను బతిమాలాను. ఆయన, "నాతో అంటావేంటి? గుంట పూడ్చడానికి కూడా మూఢం వెళ్ళిన రోజే మంచిదంది, మేస్త్రీని అప్పుడే రమ్మన్నా" అని చేతులెత్తేశాడు. కోసినట్టు నటించమని ఆవిడనడిగాను. "నటించడమేంటే, కత్తెర పెడితే తెగదూ?" అంది. ఒక రోజు ఆగి కొయ్యమన్నాను. మేస్త్రీ ఆగడు, అయినా ఆ తర్వాత నెలంతా ముహూర్తాలే, ఏ రోజూ నాకు కెమెరా దొరకదు. మూఢమొచ్చిందని సంబరపడి మొదలుపెట్టినదాన్ని, మూఢం దగ్గరే బొక్కబోర్లా పడ్డాను. నాకు దొరికిన కెమెరాకు ఆ చీర కోయడం చూసే భాగ్యం లేదు. చీర కోసే రోజున కెమెరా నాకు దొరకదు. ఎవరి మీద అరవాలో కూడా తెలియలేదు. శుక్రుడి మీదా?

షాపాయనకు ఫోన్ చేసి ఒక్క పూట ఉంచుకుంటానన్నాను.

"మేడం, మీకు తెలియనిదా? అన్నాళ్ళు ఆగిన పెళ్ళిళ్ళన్నీ ఆ రోజే పెట్టుకున్నారు. స్టాండుతో సహా బుక్కయిపోయింది. ఆ వీడియో మళ్ళీ మీ దగ్గరికే ఎడిటింగ్‌కు వస్తుంది, చూస్తూ ఉండండి" అన్నాడు.

తెలిసినవాళ్ళందరికీ చేశాను. మైలవరంలో ఒకతని దగ్గర పాత కెమెరా ఉందన్నారు. అదీ ఏదో పెళ్ళికే వెళ్ళింది. వాయిదాల మీద కొనేద్దామని షాపు మెట్లెక్కి, ఇంట్లో కట్టాల్సినవి గుర్తొచ్చి దిగిపోయాను. ముందు రోజు సాయంత్రం కెమెరా, స్టాండు అప్పగించి, ఖాళీ చేతులతో ఏలూరు రోడ్డు మీద నడుస్తుంటే ఏడుపొచ్చింది. దుఃఖం కాదు, ఒట్టి ఉక్రోషం.

మర్నాడు తెల్లవారుజామున ఫోన్, మైక్ పట్టుకుని మొదటి బస్సెక్కాను. దారి పొడుగునా మేళాలే. వెళ్ళేసరికి వాకిట్లో కంకర పోసి ఉంది. బావ మేస్త్రీతో బేరమాడుతున్నాడు. అత్తయ్య తలస్నానం చేసి, మగ్గానికి పసుపు బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి కత్తెర పట్టుకుని కూర్చుంది.

"రా రా, మంచి గడియ వెళ్ళిపోతోంది."

ఫోన్ తీశాను. గది చీకటి. తెర మీద గుమ్మం తెల్లగా, అత్తయ్య నల్లగా కనబడుతోంది. తాకి సరిచేస్తే అత్తయ్య కనబడి చీర మాయమవుతోంది. "ఒక్క నిమిషం, ఒక్క నిమిషం" అంటూనే ఉన్నాను. ఆవిడ కోసేసింది. కోసి, చీర గుండెకు అదుముకుని, ఒక కొస నా వైపు చాపింది.

"పట్టుకో."

"అత్తయ్యా, షాట్..."

"షాట్ తర్వాత. మట్టి నేల, తొలిసారి మడత, కింద పడితే మాసిపోతుంది. మీ మావయ్య ఉన్నన్నాళ్ళూ ఆ కొస ఆయనే పట్టేవాడు. పట్టుకో!"

పట్టుకున్నాను. చీర మడవాలంటే ఇద్దరు మనుషులు, నాలుగు చేతులు కావాలి. ఫోన్ నడుం దగ్గర కొంగులో దోపుకున్నాను. కొత్త నూలు గంజి వాసన వేస్తోంది. ఇద్దరం ఎదురెదురుగా నిలబడి బిగలాగి, దగ్గరికి వచ్చి, మళ్ళీ దూరం జరిగి మడిచాం. ఆవిడ చివరి మడత నా చేతుల్లోంచి తీసుకుంటూ, "నీ షాట్ తీసుకున్నావా?" అనడిగింది.

"లేదు."

"అయ్యో, ఇంకో చీర నెయ్యనా మరి?" అంది. వెనక మేస్త్రీ మొదటి గంప కంకర గుంటలో బోర్లించాడు.

తర్వాత షాపాయన అన్నట్టే ఆ రోజు పెళ్ళి వీడియో నా దగ్గరికే వచ్చింది. మా అత్తయ్య చీర కోస్తున్న వేళకు ఆ కెమెరా ఏం చూస్తోందో అప్పుడు తెలిసింది. బఫేలో జిలేబీల పళ్ళేన్ని ఒకవైపు నుంచి, మళ్ళీ రెండోవైపు నుంచి చూస్తోంది. ఎంత స్పష్టంగా ఉందో ఆ జిలేబీ! దాన్ని కోసి పారేశాను. వాళ్ళు ఫోన్ చేసి మళ్ళీ పెట్టించుకున్నారు.

నా సినిమా దుప్పటి కప్పిన మగ్గంతో ముగుస్తుంది. ఆ తర్వాత తెర నల్లబడుతుంది. ఆ మధ్య విజయవాడలోనే ఓ చిన్న హాల్లో వేశారు. మొదటి ప్రశ్న ఏ కెమెరా వాడారు అని. రెండో ప్రశ్న ఏ లెన్సు అని. మూడోది మాత్రం ఒక పెద్దాయన అడిగాడు.

"అంతా చూపించి ఆ చీర కోసేది చూపించలేదేంటమ్మా? బడ్జెట్ చాల్లేదా?"

"చేతులు ఖాళీ లేవండీ" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. ముందు వరసలోంచి అత్తయ్య ఆ చీర కొంగు సర్దుకుంటూ లేచి వెనక్కి తిరిగింది. "నేనే పట్టుకోమన్నానండీ. చీర కింద పడుతుంటే ఫొటోలు తీస్తూ కూర్చుంటారా ఎవరన్నా?" అంది.

హాలంతా నవ్వింది. నేను నవ్వలేదు. ఆ కొస పట్టుకున్నందుకు నాకు బాధ లేదు. కానీ నాకా షాట్ ఇప్పటికీ కావాలి.