కమలక్క కోసం కట్టిన యుద్ధం

2022 వానాకాలం. శ్రీకాకుళం పాత బస్టాండుకు దగ్గర్లో ఒక మేడమీద గది నా ఆఫీసు. ఒక కంప్యూటరు, రెండు కుర్చీలు, కరెంటు ఉన్నంతసేపే ఫ్యాను. అక్కడ కూర్చుని నేను యుద్ధాలు తయారు చేస్తాను.

స్ట్రాటజీ గేమ్ అంటే సైన్యాన్ని నడిపే ఆట. ఊళ్లు కట్టాలి, ధాన్యం కూడబెట్టాలి, శత్రువు వచ్చేలోపు ఏ దారి కాయాలో తేల్చుకోవాలి. ఆటతో పాటే మ్యాప్ ఎడిటర్ అనే పనిముట్టు కూడా వస్తుంది. దాంతో మనకు నచ్చినట్టు నదులు, కొండలు పెట్టుకుని కొత్త మిషన్లు, అంటే కొత్త యుద్ధాలు, చేసుకోవచ్చు. కాలేజీ పోటీలకని, వీడియోలకని నా దగ్గర మిషన్లు చేయించుకుంటారు. ఇదొక ఉద్యోగమని మా అమ్మకు నచ్చజెప్పడమే నాకు అన్నిటికంటే కష్టమైన మిషన్.

ఒకరోజు మధ్యాహ్నం అప్పలరాజు గారు మెట్లెక్కి వచ్చారు. అరసవల్లిలో జిరాక్స్ షాపు ఆయనది. కుర్చీ చూపించినా కూర్చోకుండానే మొదలుపెట్టారు.

"అమ్మా, మీరు గేముల్లో యుద్దాలు సేసిస్తారంట గదా. మా ఇంటిదానికి ఒకటి కావాల."

ఆవిడ ఆటలాడతారా అని అడిగాను. ఆయన ముఖం వెలిగింది.

"ఆడ్డమేటమ్మా! మా షాపు ఒకప్పుడు ఇంటర్నెట్ సెంటరు. కాలేజీ కుర్రాళ్లందరూ వచ్చి ఆడేవోరు. కమలని ఒక్కడూ ఓడించలేకపోనాడు."

ఆ వెలుగు ఎంతోసేపు నిలవలేదు. కిందటేడు లారీ రాసుకుపోయి ఇద్దరూ స్కూటరు మీంచి పడ్డారు. ఆయనకు గీతలతో పోయింది. ఆవిడకు భుజం దగ్గర నరాలు దెబ్బతిని కుడిచేయి పనిచేయడం మానేసింది. ఎక్సర్‌సైజులు చేస్తే మెల్లగా కొంత రావచ్చని డాక్టరు చెప్పాడు. నాలుగు నెలలు చేసి ఆవిడ మానేసింది. మంచం దిగదు, ఎవరితోనూ మాట్లాడదు.

"బేగి గెలిసీలాగ సెయ్యండమ్మా. గెలిస్తే దానికి ఉషారొస్తాది" అన్నారాయన.

ఆయన అడిగినట్టే చేశాను. శత్రువుల సంఖ్య తగ్గించాను, నడక నెమ్మది చేశాను, కోట గోడ పలచన చేశాను. అంతా సిద్ధమయ్యాక లాప్‌టాప్ పట్టుకుని అరసవల్లి వెళ్లాను.

కమలక్కకు నలభై అయిదేళ్లుంటాయి. కుడిచేతిని కొంగులో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. భర్త బతిమాలితే ఎడమచేత్తో మౌసు పట్టుకుంది. కాసేపటికే శత్రువు కోట కూలింది. తెర మీద బాణసంచా వెలిగింది. అప్పలరాజు గారు చప్పట్లు కొట్టారు.

ఆవిడ మౌసును అవతలికి తోసేసింది.

"ఇదేటిది? ఆల సైన్యం నిద్దరోతన్నాదా?" అని నా వైపు తిరిగింది. "నాకు సెయ్యి పడిపోయింది గానీ బుర్ర పడిపోలేదమ్మా. ఇంత జాలి సూపించక్కర్లేదు."

అప్పలరాజు గారు తలొంచుకున్నారు. లాప్‌టాప్ మూసి వచ్చేద్దామనుకున్నాను. కానీ ఆట సాగినంతసేపూ ఆవిడ కళ్లు తెరంతా తిరగడం నేను చూశాను. ఏ దారిన శత్రువు రావాలో అక్కడ ముందే మనుషుల్ని పెట్టింది. రావలసినవాళ్లే రాలేదు.

"అక్కా, గెలవడం సంగతి వదిలెయ్యండి. ఆడుతుంటే మీకెక్కడ అడ్డు తగిలింది?" అని అడిగాను.

ఆవిడ తోసేసిన మౌసును మళ్లీ దగ్గరికి లాక్కుంది. తర్వాత మెల్లగా చెప్పింది.

"మౌసు పట్టుకుంటే కీబోర్డుకి సెయ్యి లేదు. కీబోర్డు నొక్కితే మౌసుకి లేదు. ఈ గుంపునిటు, ఆ గుంపునటు అనీసరికి ఆడొచ్చి మీద పడతాడు. ఏటి సెయ్యాలో తెలుస్తన్నాది. సేసీలోపు అయిపోతన్నాది."

ఏం మార్చాలో నాకప్పుడు తెలిసింది. మా పనిలో ట్రిగ్గర్లని ఉంటాయి. ఫలానాది జరిగితే ఫలానాది జరగాలని ఆటకు ముందే చెప్పిపెట్టే షరతులవి. వాటితో మ్యాపంతా జెండాలు నాటాను. ఒక దళం మీద, తర్వాత ఒక జెండా మీద క్లిక్ చేస్తే చాలు, ఆ దళమంతా అక్కడికి కదులుతుంది. కీబోర్డుతో పనే లేదు. శత్రువుకు మాత్రం తీసేసిన బలమంతా తిరిగి ఇచ్చేశాను.

నది ఎలా ఉండాలని అడిగితే ఆవిడ మొదటిసారి నిటారుగా కూర్చుంది. కన్నవారిది వంశధార ఒడ్డునున్న శ్రీముఖలింగం.

"వంశధార పెట్టు. ఎండల్లో ఇసక మీద నడిసెల్లిపోవచ్చు. వాన పడ్డాదంటే నిన్న దాటిన సోట ఇయాళ మునిగిపోతావు. ఆ రేవు కాదు, ఇంకా పైన పెట్టు. నీకేటి తెల్దు, ఇలగియ్యి" అంటూ మౌసు లాక్కుని రేవులు తనే గీసింది. ఆట మధ్యలో వాన కురిసి నీళ్లు పెరిగేలా, పాత రేవు మూసుకుపోయి కొత్తది తెరుచుకునేలా నేను ట్రిగ్గర్లు రాశాను. వారం పదిరోజులు అరసవల్లి చుట్టూ తిరిగాను. వెళ్లిన ప్రతిసారీ ఆవిడ ఏదో ఒకటి మార్పించేది.

మిషన్ పూర్తయింది. కమలక్క ఆడింది, ఓడిపోయింది. రెండోసారీ ఓడిపోయింది. అప్పలరాజు గారు నన్ను మెట్ల దగ్గరికి పిలిచి గొంతు తగ్గించారు.

"దానికి తెలీకుండా కొంచెం తగ్గించీయమ్మా. మళ్లీ మంచమెక్కీస్తాదేమోనని బయ్యంగా ఉన్నాది."

ఆయన కళ్లలో నీళ్లు చూసి నా మనసు కొంచెం ఊగింది. ఇంతలో లోపల్నుంచి కేక వినిపించింది, మొదట శత్రువు మీద, తర్వాత నా మీద.

"ఓరి మీ దుంప తెగ, ఎనకనుంచొచ్చీసినారా! ఒలే గుంటా, ఎక్కడికి పోనావు? మళ్లీ పెట్టు!"

ఏడాదిగా ఆ గొంతు అంత పైకి లేవలేదట. ఆయన గోడకు ఆనుకుని నిలబడిపోయారు. నేనేమీ తగ్గించలేదు.

కొన్నాళ్లకు కమలక్క దగ్గర్నుంచి ఫోనొచ్చింది. "నాను గెలిసినాను. వాన పడీదాకా కావాలనే రేవు కాయకండా వదిలీసినాను. దాటబోయి ఆల సగం సైన్యం ములిగిపోనాది" అంటూ ఊపిరి తీసుకోకుండా చెప్పింది. ఎక్సర్‌సైజులు మళ్లీ మొదలుపెట్టిందని ఫోను అందుకుని అప్పలరాజు గారు చెప్పారు. ఆట ఆవిడ చేతిని బాగుచేయలేదు. ఇప్పటికి కుడిచేతి రెండు వేళ్లు మాత్రం స్పేస్‌బార్ నొక్కగలవు. మిగతావాటి గురించి డాక్టరు మాట ఇవ్వడం లేదు. అయినా ఆవిడ ఎక్సర్‌సైజులు మానలేదు.

ఆ మిషన్‌ను ఆవిడ అనుమతితో నెట్‌లో పెట్టాం. ఒంటిచేత్తో ఆడేవాళ్లు ఎక్కడెక్కడినుంచో రాశారు. ఒకతను తన మ్యాపులకూ జెండాలు పెట్టుకోవచ్చా అని అడిగాడు. "పెట్టుకోమను. శత్రువుని తగ్గించొద్దని సెప్పు" అని కమలక్క జవాబు రాయించింది.

అంతకుముందు నేను తేలిక చేయడమంటే ఎదుటి సైన్యాన్ని తగ్గించడమే అనుకునేదాన్ని. ఇప్పుడెవరైనా తేలికైన మిషన్ కావాలంటే, ఎక్కడ ఇబ్బందిగా ఉందో ముందు అడుగుతాను. వాళ్లు ఆడుతుంటే పక్కన కూర్చుని చూస్తాను. చేతికి అడ్డొచ్చేవన్నీ తీసేస్తాను. బుర్రకు అడ్డొచ్చేవి ఒక్కటీ ముట్టుకోను, ఎందుకంటే వాళ్లు ఆడటానికి వచ్చేది వాటి కోసమే.

నేను చేసే ప్రతి మిషన్‌నూ బయటికిచ్చేముందు ఇప్పుడు కమలక్కే ఆడి తప్పులు పట్టుకుంటుంది. ఈమధ్య ఎడిటర్ కూడా నేర్చుకుని నాకోసమని ఒక మ్యాప్ చేసింది. మూడువైపులా కొండలు, ఒక్కటే దారి. నెల రోజులుగా ఆడుతున్నాను. కొంచెం తగ్గించమని నేనడగలేదు, ఆవిడ తగ్గించనూ లేదు.