మా అన్నకు మట్టి వేసినవాడు

అరవై అయిదు యుద్ధంలో మా అన్న పోయాడని సిరిసిల్లలోని మా ఇంటికి తంతి వచ్చింది. శవం రాలేదు. సరిహద్దు దగ్గరే పూడ్చారట. మా ఇళ్లలోనూ పూడ్చడమే ఆనవాయితీ కాబట్టి అవ్వ, అంటే మా అమ్మ, దానికి బాధపడలేదు. అయినవాళ్లు తలా పిడికెడు మట్టి వేసి సాగనంపాలి కదా, వాడికి ఎవరు వేశారు? దిక్కులేనివాడిలా పారతో కప్పేశారా? ఆమె దిగులంతా అదే.

పూలదండ పట్టుకొచ్చిన తాసిల్దారు దేశం, త్యాగం అంటూ మొదలుపెడితే మధ్యలోనే ఆపింది.

"అవన్ని సరే సారూ, నా కొడుక్కు మట్టి ఎవలేసిండ్రు?"

ఆయన దండ అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు. వెళ్లక ఏం చేస్తాడు పాపం, ఆయన మాత్రం చూశాడా! అవ్వ ఏడవలేదు. నెలలు గడిచినా ఏడవలేదు. మగ్గం ముందు కూర్చుని పోగు నేసే నాడె చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయేది. చూస్తే నాకు భయం వేసేది.

ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఒక సిపాయి వచ్చి గడప బయట నిలబడ్డాడు. కరీంనగర్‌లోని ఒక ముస్లింల ఇంటివాడు, అన్నతో కలిసి పనిచేసినవాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"ముందు నా మాట ఇను అవ్వా. మట్టి నేనే వేసిన. మంట పెడితే దుష్మన్లకు కనవడ్తదని పూడ్చుమన్నరు. మీ పద్ధతి నాకు తెల్వది. మా ఇంట్ల చేసినట్టే చేసిన. తల ఉత్తరం దిక్కు పెట్టి, ముఖం పడమరకు తిప్పిన. చేతులతోనే కప్పిన. నాకొచ్చిన దువా చదివిన. తప్పయిందేమోనని పరేషాన్ల వడి, పోయినసారి సెలవుల మీ గల్లీ దాక వచ్చి మర్లిపోయిన."

ఎప్పుడు నోరు మూసుకోవాలో అక్కడే కూర్చున్న మా పెద్దబాపుకు, అదే మా పెదనాన్నకు, తెలియదు. "తల దక్షిణానికి ఉండాలె గద" అన్నాడు.

"నువ్వు పోయి పెట్టినవా బావా?" అంది అవ్వ. ఆయన కండువా సర్దుకుని పక్కకు జరిగాడు.

ఆ సమాధి నేను చూడలేదు. దాని మీద రాయి ఉందో లేదో కూడా తెలియదు. కానీ తనవాళ్లకు చేసినట్టే మా అన్నకు చేసిన ఆ మనిషికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. ఇన్నేళ్లయినా తలుచుకోగానే నా కళ్లు తడుస్తాయి.

అవ్వ లోపలికి వెళ్లి బిందెతో నీళ్లు తెచ్చింది. మట్టి వేసి తిరిగివచ్చినవాళ్లు కాళ్లూ చేతులూ కడుక్కుని, పోయినవాళ్ల ఇంట్లో దీపం చూడాలి. అన్న పోయినప్పుడు అలా మా గడపకు తిరిగివచ్చినవాళ్లు ఒక్కరూ లేరు.

అతను వద్దంటున్నా వినకుండా కాళ్ల మీద నీళ్లు పోసింది. చేతులు పట్టమంది. ఆ చేతులను తన చేతులతో కడుగుతూ, అలాగే పట్టుకుని, గొల్లున ఏడ్చింది. అతనూ ఏడ్చాడు. చాలాసేపటికి చెంగుతో అతని చేతులు తుడిచి, నా వైపు తిరిగింది.

"దీపం ముట్టియ్యి బిడ్డా. అన్నను సాగనంపి వచ్చిండు."