చాయ్ హోటల్ ముందర కదిలిన కారు

నా చిన్నప్పుడు కొత్తకోట దగ్గర మా తాత గొర్రెల మందను రోజూ సాయంత్రం పెద్ద రోడ్డు దాటించేవాళ్లం. అవతలి రైతులు ఎరువు కోసం తమ చేలల్లో మంద పెట్టించుకునేవారు. గొర్రెల సంగతి తెలిసిందే, ముందున్నది అడుగేస్తే మిగిలినవన్నీ దాని వెనకే పడతాయి, మధ్యలో ఆపడం ఎవరి తరమూ కాదు. అందుకే ఎప్పుడు వదలాలో చెప్పేవాళ్ల చూపు బాగుండాలి. తాత కళ్లకు పొరలు కమ్ముతున్నాయి. ఇక చెప్పాల్సింది నేనే.

నాకు తెలిసిన లెక్క ఒక్కటే. కారు దూరంగా ఉంటే దాటొచ్చు, దగ్గరికొస్తే ఆగాలి. "యాడుందని కాదు బిడ్డా, ఎట్ల వస్తాందో చూడు" అని తాత మొత్తుకునేవాడు. నేను చెవిన పెట్టేదాన్ని కాదు.

తల్లి చచ్చిన ఒక గొర్రెపిల్లను నేను సీసాతో పాలుపట్టి పెంచాను. నా లంగా అంచు నములుతూ నా వెంటే తిరిగేది.

ఆ రోజు ఒక కారు మొదటినుంచి చివరిదాకా ఒకే జోరుతో వచ్చి దాటిపోయింది. చాయ్ హోటల్ ముందర ఆగి ఉన్న ఇంకో కారు అప్పుడే కదిలింది. మనిషి నడకలా వస్తోంది.

"తాతా, గిది దూరమే ఉంది, మెల్లగనే వస్తాంది. దాటొచ్చు."

"గట్లనా? అయితే ముందుగాల నీ పిల్లను తోలు."

వీపు తట్టి తోలాను. అంతలోనే కారు చప్పుడు మారింది, మళ్లీ మారింది. చూస్తూ ఉండగానే నడక పరుగైంది, పరుగు ఇంకేదో అయింది. తాత చెవికి అది నాకంటే ముందే అందింది. ఒక చేత్తో మందకు కర్ర అడ్డం పెట్టి, ఇంకో చేత్తో నా జబ్బ పట్టుకున్నాడు. నాలుకతో టక్కుమని ఆయన ఒక చప్పుడు చేసేవాడు. అది వింటే ఒంటరిగా పోతున్న ఏ గొర్రైనా వెనక్కి వచ్చేది. ఆ చప్పుడు చేయలేదు.

కారు ఆగలేదు.

"మెల్లగుంది అంటివి. గా మెల్లగ ఎంతసేపున్నది?" అన్నాడు, అంతే. ఇంటికెళ్లాక అవ్వ ఆ గొర్రెపిల్లనే వండింది. తాత నా కంచంలో ముక్క వేశాడు. ఏడుస్తూనే తిన్నాను.

మొన్న మా మనవరాలు పాఠం అప్పజెప్పింది. వేగం అంటే ఎంత జోరుగా పోతోందో, త్వరణం అంటే ఆ జోరు ఎలా మారుతోందో అట. అవును తల్లీ అన్నాను.

ఆ రోజు తర్వాత నా మాట మీద రోడ్డెక్కిన గొర్రె ఒక్కటీ చావలేదు. అందుకే తాతను తప్పుబట్టడానికి లేకుండా పోయింది, నా కోపమంతా ఆ సంగతి మీదే. ఇప్పుడు ఆ రోడ్డు ఎంతో వెడల్పైంది. మనవరాలితో రోడ్డు అంచున నిలబడితే నా చెయ్యి దాని జబ్బను గట్టిగా పట్టుకుంటుంది. నా నాలుక మాత్రం ఆ రోజు తాత చేయని చప్పుడు చేస్తుంది.